ఐదో మెట్టు

ఆ శనివారం ఉదయం లిఫ్టాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవడం, స్నానం చెయ్యడం, ఊరి చివర హోటల్లో కీచుమంటున్న లిఫ్టుకి గ్రీజు పెట్టి భోజనం వేళకి ఇల్లు చేరడం, ఆపైన సాయంత్రం దాకా నిద్రపోవడం. లిఫ్టులు బాగుచెయ్యడం ఆయన వృత్తి. ఐదంతస్తుల అపార్టుమెంటు బిల్డింగులో మూడో అంతస్తులో కాపురముంటూ, అక్కడి లిఫ్టుని కూడా తనే చూసుకుంటాడు కాబట్టి అందరికీ ఆయన లిఫ్టాయనే. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు.

సగం గడ్డం గీసుకునేసరికి కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి. ఆ చప్పుడు ఆగకపోయి ఉంటే వంటింట్లో మాటలు ఆయన చెవిన పడేవి కావు. భార్య ఫోను స్పీకరులో పెట్టి, గిన్నెలు తుడుస్తూ మాట్లాడుతోంది. అవతలి గొంతు పిలక మాస్టారుది.

"ఐదో మెట్టు దగ్గర గట్టిగా నొక్కి పట్టుకోండి మేడమ్. రెండూ ఒకటైపోవాలి. ఒకటయ్యేదాకా వదలొద్దు."

"అన్నిటికీ ఐదోదేనా మాస్టారూ?"

"ఒక్కదానికి మాత్రం నాలుగో మెట్టు. చెయ్యగా చెయ్యగా అదే అలవాటైపోతుంది. ఇవాళ పదింటికి కలుస్తున్నాం కదా, కంగారెందుకు?"

"సరేనండీ. ఆయన తొమ్మిదింటికల్లా వెళ్లిపోతారు. ఆయన ఇంట్లో ఉంటే నాకు చెయ్యే ఆడదు. మొహం అదోలా పెడతారు."

లిఫ్టాయన అద్దంలోకి చూసుకున్నాడు. మొహం అదోలానే ఉంది. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, రెండు వేరువేరు మనుషులకి చెందినట్టు ఉంది.

పిలక మాస్టారు ఐదో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. జుట్టు వెనక్కి లాగి పిలకలా ముడేసుకుంటాడు. గిటారు నేర్పుతాడు. లిఫ్టాయన భార్య ఆయన దగ్గర చేరి కొన్ని నెలలైంది. ఆవిడ కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్ల కళ్లకి ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెడుతూ, "ఇది బాగుందా, ముందుది బాగుందా? ఇప్పుడెలా ఉంది?" అని పొద్దస్తమానం అడిగి, ఇంటికొచ్చాక నోరు మూసుకుని కూర్చునేది. ఒకరోజు ఉన్నట్టుండి భుజాన గిటారుతో వచ్చింది. "ఈ వయసులోనా?" అని లిఫ్టాయన నవ్వాడు. వారం తిరక్కుండా అది బీరువా మీదకి ఎక్కుతుందనుకున్నాడు. ఎక్కలేదు. పొద్దున ఓ అరగంట, రాత్రి భోజనాల ముందు ఓ అరగంట, తలుపు దగ్గరగా వేసుకుని ఆవిడ సాధన చేస్తూనే ఉంది.

ఆయనకి అసలు దెబ్బ తగిలింది ఒకసారి టీ కప్పు అందుకుంటున్నప్పుడు. ఆవిడ ఎడమచేతి వేళ్ల చివర్లు తగిలాయి. గట్టిగా, కాయలు కాసి ఉన్నాయి. ఆ వేళ్లు ఆయనెరిగినవి కావు. తనకొక్క మాటైనా చెప్పకుండా ఎవరో వాటిని మార్చేశారు. "క్లాసులో ఏం నేర్పుతున్నారు?" అని ఆరోజే అడిగి ఉంటే సరిపోయేది. కానీ అడగడమంటే తను పట్టించుకుంటున్నానని ఒప్పుకోవడం. అందుకని మొహం అదోలా పెట్టడంతో సరిపెట్టుకున్నాడు.

ఇప్పుడేమో మెట్లు. ఆయనకి మెట్లంటే మొదటినుంచీ చిన్నచూపు. మెట్లెక్కేవాళ్లని చూస్తే, తన వృత్తిని మొహం మీదే కాదన్నట్టు ఉంటుంది. లిఫ్టు ఉన్న బిల్డింగులో మెట్ల దగ్గర ఎవరికైనా ఏం పని? అందులోనూ నొక్కి పట్టుకునే పని? రెండూ ఒకటైపోయే పని?

స్నానం సంగతి మరిచిపోయి, ఉన్న గడ్డంతోనే టిఫిను తిన్నాడు. భార్య వింతగా చూసింది.

"ఒక పక్కే గీశారేంటండీ?"

"నీళ్లు పోయాయి."

"వచ్చాయిగా మళ్లీ."

"హోటల్లో లిఫ్టుకి నా గడ్డంతో పనేముంది? నేనొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. బాగా ఆలస్యం కావచ్చు. నువ్వు నీ పనులన్నీ తీరిగ్గా చేసుకో." చివరి మాట విషంలో ముంచి అన్నాననుకున్నాడు. ఆవిడ "సరేనండీ" అని ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. విషం తగల్లేదు.

సంచీ భుజాన వేసుకుని కిందికి దిగి, జన్మలో మొదటిసారి ఆ బిల్డింగు మెట్లని పరీక్షగా చూశాడు. కింది నుంచి లెక్కపెడితే నాలుగో మెట్టు వాచ్‌మన్ కుర్చీలోంచి బాగా కనిపిస్తుంది. ఐదో మెట్టు దగ్గర గోడ అడ్డొస్తుంది. పైన బల్బు కూడా మాడిపోయి ఉంది. అసూయ పడే మనిషికి ప్రపంచమంతా ఎంత పొందిగ్గా అమరిపోతుందో ఆ గోడని చూస్తే తెలుస్తుంది. అన్నిటికీ ఐదోదే ఎందుకో ఆయనకి వెంటనే అర్థమైంది. ఒక్కదానికి నాలుగోది ఎందుకో మాత్రం అర్థం కాలేదు. అర్థం కానిదే ఎక్కువ మండించింది.

వాళ్లని పట్టుకోవాలా? పట్టుకుంటే చూడాలి. చూస్తే ఏదో ఒకటి అనాలి. అన్నాక ఆ మూడు గదుల ఇంట్లోకి ఏ మొహంతో వెళ్లాలి? తనకి పట్టుకోవాలని లేదు, జరక్కుండా ఉండాలని మాత్రమే ఉంది. అప్పుడు వచ్చింది ఉపాయం. లిఫ్టు ఆగిపోతే బిల్డింగు బిల్డింగంతా మెట్ల మీదే ఎక్కి దిగుతుంది. కూరగాయల సంచులూ పిల్లల సైకిళ్లూ వచ్చిపోయే మెట్టు మీద ఎవరూ ఎవరితోనూ ఒకటి కాలేరు.

డాబా మీద మోటారు గది ఉంది. పదింటికి కాస్త ముందు అక్కడికి చేరాడు. మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసేసరికి మోటారు తిరగడం మొదలైంది. ఎవరో దిగుతున్నారు. తిరిగే మోటారుని ఆపడమంటే నడిచే మనిషి కాలు పట్టుకుని లాగడమేనని కొత్తగా పనిలో చేరినవాళ్లకి చెప్పేది ఆయనే. మామూలుగా అయితే అది ఆగేదాకా ఆగేవాడు. ఆ పూట ఆగలేదు. స్విచ్ కిందికి లాగేశాడు. గదికి తాళం వేశాడు. మెట్ల మీదుగా దిగి, కింద లిఫ్టు తలుపుకి "మరమ్మతు జరుగుచున్నది" బోర్డు తగిలించి, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని ఐదో మెట్టు మీద కూర్చున్నాడు. ఆ మెట్టు ఇక తనది.

టీ మూత తీయబోతుంటే ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, మన లిఫ్టు ఆగిపోయింది. నేను లోపల ఉన్నాను."

లిఫ్టాయన గుండె ఒక అంతస్తు కిందికి జారింది. "లోపలా? నువ్వెందుకున్నావ్ లోపల?"

"లిఫ్టులో ఎందుకుంటారండీ, దిగడానికి. మాస్టారి పక్కింటి అమ్మాయికి పరీక్షలట, చప్పుడు చెయ్యొద్దన్నారు. అందుకని ఇవాళ్టికి కింద మీటింగు రూములో క్లాసు పెట్టుకుందామని బయల్దేరాం."

"బయల్దేరాం అంటే?"

"నేనూ, మాస్టారూ."

లిఫ్టాయన జేబులో తాళం తడుముకున్నాడు. రెండు మెట్ల మధ్య ఏం జరుగుతుందోనని భయపడి, ఇద్దర్నీ రెండంతస్తుల మధ్య, ఒక మనిషి చేతులు చాపితే నిండిపోయే పెట్టెలో, తలుపులు మూసి, తన చేత్తో తనే బిగించాడు. పైన గదికి తాళం కూడా వేశాడు.

"మీరెక్కడున్నారు?" అంది భార్య.

"నేనా? హోటల్లో." అబద్ధం దానంతట అదే వచ్చింది. "రావడానికి గంట పడుతుంది."

"గంటా? సరే, కంగారు పడకుండా నెమ్మదిగా రండి."

కంగారు పడకుండా! ఆ మాట వినగానే ఎగిరి లేచాడు. పైకి పరిగెత్తి స్విచ్ ఎత్తేసి, ఎవరూ చూడకుండా ఏ హోటలుకో పారిపోవాలనుకున్నాడు. కానీ మెట్లకి అలవాటు లేని కాలు మెట్టు అంచున పడింది. చీలమండ దగ్గర కలుక్కుమంది. ఉన్న మెట్టు మీదే కూలబడ్డాడు. ఫ్లాస్కు దొర్లుకుంటూ పోయి, వాచ్‌మన్ కుర్చీ కాలికి తగిలి ఆగింది. వాచ్‌మన్ మాత్రం కుర్చీలో లేడు.

మొదటి అంతస్తులో తలుపు తెరుచుకుంది. అక్కడ ఫిజియోథెరపిస్టు ఉంటుంది. నడుములూ మెడలూ మోకాళ్లూ పట్టేసినవాళ్లంతా ఆవిడ దగ్గరికే వస్తారు కాబట్టి బిల్డింగులో ఆవిడ పేరు నొప్పులావిడ. చప్పుడు విని నాలుగు మెట్లు దిగి తొంగి చూసింది.

"అయ్యో, లిఫ్టుగారా! ఏమైందండీ?"

"ష్... గట్టిగా మాట్లాడకండి. నేనిక్కడ లేను."

"లేకపోతే ఈ కాలెవరిది? అప్పుడే వాచిపోతోంది. కదపకండి." ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని, ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని, బొటనవేళ్లతో నొక్కడం మొదలెట్టింది. అది ఆవిడకి రోజూ చేసే పని. ఆయనకి మాత్రం ఇద్దరు మనుషులు ఐదో మెట్టు దగ్గర నొక్కి పట్టుకుని ఉన్నారన్న స్పృహ కలిగి, ముచ్చెమటలు పోశాయి.

లిఫ్టు సరిగ్గా వాళ్ల నెత్తి మీదే, మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ నడుమ ఆగి ఉంది. లోపలి మాటలు లిఫ్టు గొయ్యిలోంచి స్పష్టంగా దిగుతున్నాయి. మాస్టారి గొంతు వణుకుతోంది.

"మేడమ్... మనం ఊరికే కూర్చోవడమెందుకు? ముందు... ముందు శ్రుతి చేసుకుందాం. లావు తీగ ఐదో మెట్టు దగ్గర నొక్కి పట్టుకోండి. కింది తీగ వదిలేసి మీటండి. రెండూ ఒకటయ్యాయా?"

టంగ్. టంగ్. లిఫ్టాయన తలెత్తాడు.

"కాలేదు మాస్టారూ. కొంచెం తేడా ఉంది."

"మర తిప్పండి. ఇప్పుడు? ఆ... మూడో తీగకి మాత్రం నాలుగో మెట్టని మర్చిపోవద్దు."

లిఫ్టాయన నొప్పులావిడ వైపు వంగాడు. "గిటారుకి మెట్లుంటాయా?"

"మెడ మీద అడ్డంగా కడ్డీలుంటాయి చూడండి, అవే. వీణకీ మెట్లనే కదా అంటారు. మాస్టారు మొదట నేర్చుకున్నది వీణేనట, అందుకే ఆ మాట వాడతాడు. అదేంటండీ, ఇంట్లో గిటారు పెట్టుకుని మీకు తెలీదా?"

ఆయనకి తెలీదు. ఇంట్లో ఇన్ని నెలలుగా ఉన్న వస్తువు మెడని ఒక్కసారైనా దగ్గర్నుంచి చూడలేదు. ఒక్కదానికే నాలుగోది ఎందుకన్న చిక్కు కూడా విడిపోయింది. తేలిగ్గా ఊపిరి పీల్చుకోబోయాడు.

అంతలో పైన భార్య వాయించడం మొదలెట్టింది. తలుపు చాటున అరగంటల చొప్పున వినిపించిన ముక్కలన్నీ కలిసి ఒక పాటై దిగుతున్నాయి. మొదట తడబడింది, ఆగింది, అక్కడే మళ్లీ మొదలెట్టింది. రెండోసారి తడబడలేదు. సామాన్లతో మెట్లెక్కుతూ లిఫ్టుని తిడుతున్నవాళ్లు తిట్టడం ఆపి, ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. కింద వాచ్‌మన్ ఎక్కడినుంచో వచ్చి, దొరికిన ఫ్లాస్కులోంచి టీ పోసుకుని తాగుతూ వింటున్నాడు. లిఫ్టాయన కాలి నొప్పి మరిచి విన్నాడు. అంత చక్కని సంగతి తన ఇంట్లో, తన గోడకి అవతల తయారైంది. దాన్ని ముందుగా విన్నవాడు వేరే మనిషి. అనుమానం పోయింది కానీ అసూయ దిగిపోలేదు. అంతస్తు మారిందంతే.

ఇంతలో బిల్డింగు సంఘం ప్రెసిడెంటు కింద గుమ్మంలోంచి కేకలు వేస్తూ వచ్చాడు. ఆయన మామూలుగా మాట్లాడినా కేకే. "లిఫ్టు ఆపేసి బోర్డు కట్టి ఈ మహానుభావుడు ఎక్కడికి పోయాడయ్యా? ఉండండి, ఫోను చేస్తాను."

లిఫ్టాయన జేబు మీద రెండు చేతులూ వేసుకున్నాడు. ఫలితం లేకపోయింది. జేబులో ఫోను గణగణా మోగింది. పైన గిటారు ఠక్కున ఆగింది. ఆ మోతలోకి లిఫ్టులోంచి భార్య గొంతు దిగింది.

"ఏమండీ?"

ఆయన జేబుని ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

"ఏమండీ, మీ ఫోను మోగుతోంది."

"ఇక్కడే ఉన్నాడమ్మా మీ ఆయన!" గోడ పక్కనుంచి తొంగి చూసిన ప్రెసిడెంటు అరిచాడు. "ఐదో మెట్టు మీద!"

లోపల ఎవరో కిసుక్కున నవ్వినట్టనిపించింది. ఎవరో ఆయనకి తెలీలేదు.

"ఏమయ్యా, అక్కడ మనుషులు ఇరుక్కుంటే ఇక్కడ కాళ్లు పట్టించుకుంటున్నావా? లే!"

"లేవలేనండీ, కాలు బెణికింది. ఇదిగో తాళం. మోటారు గదిలో మెయిన్ స్విచ్ పడిపోయి ఉంటుంది. పైకెత్తితే చాలు."

"పైకెళ్లి చూడకుండా ఎలా చెబుతున్నావయ్యా?"

"అనుభవమండీ."

"విన్నారా? అదీ పనితనం!" అని మెట్ల మీద కూర్చున్నవాళ్లందరికీ చాటి, ప్రెసిడెంటు పంచె ఎగ్గట్టి బయల్దేరాడు. ఆయన డాబా మీదకి చేరేలోగా పైనున్నావిడ ఇంకో పాట పూర్తిచేసింది.

లిఫ్టు గుర్రుమని కదిలి కిందికి దిగింది. తలుపులు తెరుచుకున్నాయి. ముందు పిలక మాస్టారు పడుతూ లేస్తూ బయటికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పిలక ఊడి జుట్టు కళ్లలో పడింది. లోపలున్నంతసేపూ లిఫ్టు గోడ కడ్డీని పట్టుకున్న రెండు చేతులూ ఇంకా అలాగే బిగుసుకుని ఉన్నాయి.

"నాకు మూసిన గదంటే ప్రాణం మీదకొస్తుందండీ," అన్నాడు లిఫ్టాయనతో. "మేడమ్ వాయించబట్టి బతికాను. లేకపోతే చిన్నపిల్లాడిలా ఏడ్చేసేవాణ్ణి. ఇక నేను మెట్లే." ఆ మాటతో మెట్లెక్కి పోయాడు. మెట్లెక్కే మనిషిని చూసి లిఫ్టాయనకి సంతోషం కలగడం అదే మొదటిసారి.

భార్య గిటారు భుజాన వేసుకుని ఐదో మెట్టు ఎదురుగా వచ్చి నిలబడింది. సగం గడ్డాన్ని చూసింది, సంచీని చూసింది, వెనక్కి తిరిగి తలుపుకి వేలాడుతున్న బోర్డుని చూసింది.

"హోటల్లో లిఫ్టు ఏమైంది?"

"ముందు ఇది చూసి వెళదామని..."

"గంట పడుతుందన్నారు?"

"పట్టిందిగా మరి. దాదాపు."

"లిఫ్టు ఉన్న బిల్డింగులో మెట్ల దగ్గర మీకేం పనండీ?"

పొద్దుటినుంచీ ఆవిడని అడగడానికి దాచుకున్న ప్రశ్న అది. "నువ్వే అన్నావుగా ఫోనులో. అదే, మాస్టారన్నాడు. ఐదో మెట్టు దగ్గర నొక్కి పట్టుకోవాలనీ... రెండూ ఒకటైపోవాలనీ..."

ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. గిటారు మెడ వైపు చూసింది, మెట్ల వైపు చూసింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చి, తుడుచుకోవడానికి తల వంచింది. వంచిన తల నొప్పులావిడ ఒళ్లో ఉన్న పాదం దగ్గర ఆగింది. నవ్వు కూడా ఆగింది, రెండంతస్తుల మధ్య.

"ఆవిడెందుకు నొక్కుతున్నారు?"

"బెణికిందమ్మా," అంది నొప్పులావిడ.

"నేను వాయించినంతసేపూ నొక్కుతూనే ఉన్నారా?"

"ఇంకో వారం పాటు రోజూ నొక్కాలి. ఒక్క అరగంట మా ఇంటికి పంపించండి, చాలు."

"రోజూనా?" భార్య గొంతులో ఒక తీగ బిగుసుకుంది. లిఫ్టాయన ఆ చప్పుడు విన్నాడు. ఇన్ని నెలల్లో అంత ఇంపైన చప్పుడు ఆయన వినలేదు. "అయితే నేనూ వస్తాను. పక్కన కూర్చుని నా ప్రాక్టీసు నేను చేసుకుంటాను."

"మీకెందుకమ్మా శ్రమ?"

"శ్రమేముంది? ఈయన వింటూ ఉంటారు." ఆవిడ గిటారు గోడకి ఆనించి, కింది మెట్టు మీద నొప్పులావిడ పక్కన ఇరుక్కుని కూర్చుని, పాదాన్ని తన ఒళ్లోకి లాక్కుంది. కాయలు కాసిన వేళ్లు చీలమండ చుట్టూ నెమ్మదిగా తడిమాయి. కళ్లద్దాల షాపు గొంతు వచ్చేసింది. "ఇక్కడా? ఇక్కడా? ముందుది ఎక్కువా, ఇది ఎక్కువా? ఇప్పుడెలా ఉంది?"

నొప్పి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. "ఇంకొంచెం పైన," అన్నాడు లిఫ్టాయన.

ఆ కాలు నయం కావడానికి, నొప్పులావిడ చెప్పినదానికంటే చాలా ఎక్కువ కాలం పట్టింది.